ఆటల పిచ్చి ఉన్న పాపని పెంచడానికి ఏ ఊరు? నర్సంపేట, అమలాపురం, అనంతపురం – మీరైతే ఏం చేస్తారు

మియాపూర్ నాన్న:

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మా పాపకి ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. ఆటలంటే పిచ్చి. ఫలానా ఆట అని లేదు, ఏదైనా సరే. లిఫ్ట్ ఎక్కుదాం రా అంటే వినకుండా మెట్ల మీద పరిగెత్తి మాకంటే ముందు పైన నిలబడుతుంది, సెల్లార్లో కార్ల మధ్య షటిల్ ఆడుతుంది, పెద్ద పిల్లలు క్రికెట్‌లో నీకు బ్యాటింగ్ ఇవ్వం ఫీల్డింగే అన్నా సంబరంగా వెళ్ళిపోతుంది. కానీ స్కూలేమో నాలుగంతస్తుల బిల్డింగు, గ్రౌండ్ అంటే టెర్రస్ మీద పచ్చ మ్యాట్ పరిచిన ముక్క, గేమ్స్ పీరియడ్ వారానికి రెండు, అందులో ఒకటి మ్యాథ్స్ మేడం లాగేసుకుంటారు. సాయంత్రం అకాడమీలో వేశాం గానీ ఈ ట్రాఫిక్‌లో పోవడానికో గంట రావడానికో గంట, ఆడేది నలభై ఐదు నిమిషాలు, తిరిగొచ్చేటప్పుడు కార్లోనే నిద్రపోతుంది, అన్నం తినకుండా.

నాది వర్క్ ఫ్రం హోమ్, నెలకోసారి ఆఫీసులో మొహం చూపిస్తే చాలు. మా ఆవిడ ల్యాబ్ టెక్నీషియన్, ఎక్కడికెళ్ళినా ఏదో ఒక పని దొరుకుతుంది. అందుకే చిన్న ఊరికి మారిపోదామని ఆలోచన. మా ఆవిడ పుట్టిల్లు నర్సంపేట, నాది అమలాపురం, రెండు చోట్లా ఇల్లుంది. మూడోది అనంతపురం, అక్కడ మాకెవరూ లేరు, మా టీమ్‌లో ఒకతను అక్కడి గ్రౌండ్ల గురించి తెగ చెప్తుంటాడు.

ఒలింపిక్స్ మెడల్ కొట్టాలనేం లేదు అండి. సాయంత్రం నాలుగున్నరకి బడి నుంచొచ్చి ఆరున్నర దాకా ఆడి దుమ్ము కొట్టుకుని రావాలి, అంతే. ఒకవేళ నిజంగానే పిల్లలో సరుకుంటే మాత్రం ఆ ఊళ్ళో ఉన్నందుకు దారి మూసుకుపోకూడదు. ఈ రెండూ కుదిరే ఊరు ఏది? అసలు ఊరు చూసేటప్పుడు ఏం చూడాలి? మా మామగారేమో పిల్ల చదువు నాశనం చేస్తున్నావంటున్నారు, మా నాన్నేమో ఇంకా రాలేదేంట్రా అంటున్నాడు. మధ్యలో నేను.

ఓరుగల్లు పోరడు:

అన్నా మాది పర్వతగిరి దిక్కు. నర్సంపేట గురించి చెప్తా గని ముందుగాల కల్లెడ సంగతి విను. కల్లెడ అంటే టౌన్ గూడ కాదు, పర్వతగిరి మండలంల ఒక ఊరు. ఆ ఊరి పిల్ల వర్ధినేని ప్రణీత 2008ల బీజింగ్ ఒలింపిక్స్‌కు పోయింది, ఆర్చరీల. అదే ఊరి పిల్ల జీవాంజి దీప్తి 2024ల జపాన్‌ల కోబెల 400 మీటర్లు 55.07 సెకండ్లల ఉరికి టీ20 కేటగిరీల (క్రికెట్ టీ20 కాదు, మేధోపరమైన వైకల్యం ఉన్నోళ్ళ కేటగిరీ) ప్రపంచ రికార్డు కొట్టింది, అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌ల కాంస్యం తెచ్చింది. ఒకటే ఊరు, ఒకలు విల్లు పట్టుకున్రు ఒకలు ఉరికిన్రు. ఆ ఊర్ల ఏం స్టేడియం ఉన్నదని? ఏం లేదు. ఆర్డీఎఫ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళ బడి ఉన్నది, బడికి జాగ ఉన్నది, పిల్లలు ఎట్ల ఉరుకుతున్రో నిలబడి చూసే పీఈటీ సారు ఉన్నడు. దీప్తిని మొదలు కనిపెట్టింది బడి సారే, పెద్ద కోచ్‌లు తర్వాత వచ్చిన్రు.

ఇగ నర్సంపేట. గ్రౌండ్ లేదని కాదు, ఉన్నది, కానీ అది అందరిదీ. పొద్దుగాల వాకింగోళ్ళు, కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడ్డదంటే గ్రౌండ్ నిండ పోరగాళ్ళే, మొగోళ్ళకు 1600 మీటర్లు ఆడోళ్ళకు 800 మీటర్లు, చేతుల స్టాప్‌వాచ్ పట్టుకుని ఉరుకుడే ఉరుకుడు. నన్నడిగితే అది మంచిదే, చిన్న పిల్లలు ఆళ్ళ ఎంబడి పడి ఉరుకుతరు, పైసా ఫీజు లేని కోచింగు. కానీ లాంగ్ జంప్ పిట్ కాడికి పోయి చూస్తే ఇసుక ఉండది, ఎవలింటి స్లాబ్‌కో పోయి ఉంటది. దసరాకు, మీటింగులకు గ్రౌండ్ మొత్తం గుంజలు పాతుతరు, తీసినంక ఆ గుంతలు ఎవలూ పూడ్వరు. చూసుకోకుండ ఉరికితే కాలు మడత పడుడే.

ప్లస్ ఏందంటే హన్మకొండ దగ్గర, నలభై కిలోమీటర్ల చిల్లర. ఆడ జేఎన్ఎస్‌ల, అంటే జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంల, సింథటిక్ ట్రాక్ ఉన్నది, 2021 సెప్టెంబర్ల నేషనల్ ఓపెన్ అథ్లెటిక్స్ అక్కడనే అయినయి. రోజూ పోవుడు కష్టం గని ఆదివారం తీస్కపోవచ్చు. ఎనిమిదేండ్ల పిల్లకు రోజూ ట్రాక్ ఎందుకు చెప్పు, మట్టి మీదనే ఉరకనీ, మోకాళ్ళకు అదే మంచిది.

అత్తగారి ఊరని పోతున్నవ్ కాబట్టి ఒక మాట, అమ్మమ్మ ఇంట్ల ఉంటే పిల్లను సాయంత్రం గ్రౌండ్‌కు పంపనియ్యరు, ఆడపిల్ల ఎండల నల్లగైతదని. నవ్వకు, మా అక్క బిడ్డకు జరిగిందే చెప్తున్న. వేరే ఇల్లు కిరాయికి తీస్కో.

కోనసీమ అమ్మ:

ఆయ్, అమలాపురం అన్నారు కదాని రాస్తున్నానండి. మాకు ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరూ షటిల్ ఆడతారు. ఇక్కడ ఆట అంటే ముందు షటిలే అండి, సాత్విక్ పుణ్యమా అని. సాత్విక్‌సాయిరాజ్ మా ఊరబ్బాయే, వాళ్ళ నాన్నగారు పీఈటీగా చేసినవారే, చిన్నప్పట్నుంచి ఇక్కడే ఆడి 2014లో హైదరాబాద్ గోపీచంద్ అకాడమీకి వెళ్ళాడు. హాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌లో చిరాగ్ శెట్టితో కలిసి గోల్డ్ కొట్టినప్పుడు ఇక్కడ ప్రతి ఇంట్లో ఓ రాకెట్ కొన్నారనుకోండి. కాబట్టి మీరన్నారే, దారి మూసుకుపోకూడదని, అది మా ఊళ్ళో మూసుకుపోదు, అది మాత్రం రుజువైన సంగతే. పదమూడు పద్నాలుగేళ్ళ దాకా ఇక్కడే ఆడినా ఏం తక్కువైపోలేదు ఆ అబ్బాయికి.

ఇప్పుడు అసలు కష్టాలు చెప్తాను. కోనసీమలో ఖాళీ స్థలం ఉండదండి. ఉన్నదంతా కొబ్బరితోటో వరిచేనో, సెంటు స్థలం కూడా ఊరికే వదలరు, ఇంక గ్రౌండ్ కోసం ఎవరొదులుతారు. వానాకాలం వచ్చిందంటే ఉన్న గ్రౌండ్లు కూడా నీళ్ళే, దసరా దీపావళి దాటేదాకా ఆరవు. పరుగు, ఫుట్‌బాల్ ఇలాంటివి కావాలంటే ఆ నెలలన్నీ ఇంట్లోనే. ఇండోర్ కోర్టులు ఉన్నాయి కాబట్టి షటిల్‌కి ఇబ్బంది లేదు, కానీ కోర్టు చూసేటప్పుడు కింద ఏముందో చూసుకోండి, వట్టి సిమెంట్ గచ్చు మీద ఆడిస్తే పిల్లలకి మడమలు నొప్పులు వస్తాయి, మా పెద్దదానికి వచ్చాయి. మ్యాట్ వేసిన కోర్టుకి ఫీజు ఎక్కువైనా అక్కడే వేయండి. ఫెదర్ షటిళ్ళ ఖర్చు సంగతి ముందే తెలుసుకోండి, మొదట్లో నైలాన్‌తో సరిపోతుంది, ఆట ముదిరాక డబ్బాలకి డబ్బాలు అయిపోతాయి, ఇంట్లో పాల ఖర్చు కంటే అదే ఎక్కువ.

ఇంకోటి, టోర్నమెంట్లకి తిరగాలంటే అమలాపురానికి ఇంకా రైలు లేదు కదండీ. రాజమండ్రి పోయి ఎక్కాలి. పిల్లనీ కిట్టునీ వేసుకుని తెల్లవారుజామున బస్సులో పోవడం అలవాటైపోతుంది లెండి, కానీ మీ ఆవిడగారు ఉద్యోగం చేస్తానంటున్నారు కాబట్టి ఆ తిరుగుడు మీరే తిరగాలి.

మియాపూర్ నాన్న:

ఇద్దరికీ థాంక్స్. కల్లెడ పేరు మా ఆవిడకి తెలుసట, నాకే తెలీదు. మేడం, మీరు చెప్పిన దాన్ని బట్టి అమలాపురం వెళ్తే షటిల్ ఫిక్స్ అయిపోయినట్టేనా? మా పాపకి ఇంకా ఏ ఆటో తెలీదు. వారానికో ఆట మారుస్తుంది. ఇప్పుడే ఒక ఆట తేల్చుకోవాలా, లేటైపోతుందా?

రిటైర్డ్ పీఈటీ:

బాబూ, నేను గవర్నమెంట్ స్కూళ్ళలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరయ్యాను, రెండు మూడు జిల్లాల నీళ్ళు తాగాను. నీ ప్రశ్నకి సూటిగా చెప్తాను. లేటవదు. జిమ్నాస్టిక్స్ లాంటివి ఒకటీ రెండూ పక్కన పెడితే పన్నెండేళ్ళ దాకా పిల్లకి కావాల్సింది పరిగెత్తడం, దూకడం, విసరడం, పట్టుకోవడం, పడి లేవడం. ఇవి ఒంటికి పట్టాక ఏ ఆటైనా వస్తుంది. మొన్న 2025 నవంబర్‌లో మన ఆడపిల్లలు క్రికెట్ వరల్డ్ కప్ గెలిచారు కదా, అందులో శ్రీచరణి కడప జిల్లా పిల్ల, వాళ్ళ నాన్న ఆర్టీపీపీ అనే కరెంటు ప్లాంట్‌లో ఉద్యోగి. ఆ అమ్మాయి చిన్నప్పుడు ఆడింది ఖోఖో, షటిల్, పరుగులు. సీరియస్‌గా క్రికెట్ పట్టుకుంది టెన్త్ వయసుకి వచ్చాకే. ఎనిమిదేళ్ళప్పుడే స్పిన్ బౌలింగ్ కోచింగ్‌లో కూర్చోబెట్టి ఉంటే ఇంత దూరం వచ్చేదో లేదో ఎవరు చెప్తారు.

ఇప్పుడు ఊరు చూడటం గురించి. ఊరు చూడొద్దు, బడి చూడు. బడి కూడా కాదు, బడిలో పీఈటీని చూడు. హెచ్ఎంతో మాట్లాడితే అందరూ మా దగ్గర స్పోర్ట్స్ బ్రహ్మాండం అనే చెప్తారు, షీల్డులు చూపిస్తారు. నువ్వు స్టోర్ రూమ్ చూపించమని అడుగు. బీరువాలో కొత్త బంతులు కవర్ కూడా తీయకుండా తాళం వేసి ఉంటే ఆ బడి వద్దు. బంతులు చర్మం ఊడిపోయి, వాలీబాల్ నెట్టుకి నవ్వారు తాడుతో మాట్లు వేసి, స్కిప్పింగ్ తాళ్ళు ముళ్ళు పడి ఉంటే అక్కడ పిల్లలు ఆడుతున్నట్టు లెక్క. గ్రౌండ్‌లో సున్నం గీతలు చూడు. నిన్నటివా, ఆగస్టు పదిహేనుకి గీసినవా? నాకైతే అది చాలు, ఇంకేం అడగక్కర్లేదు.

రెండోది మీది ఆడపిల్ల కాబట్టి చెప్తున్నా. మూడో తరగతి పిల్లలు ఎక్కడైనా ఆడతారు. సాయంత్రం గ్రౌండ్‌లో ఎనిమిది తొమ్మిది తరగతుల ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారో చూడు. ఒక్కరూ లేకపోతే ఇంకో ఐదేళ్ళలో మీ పిల్ల కూడా ఉండదు. ఆట మానేసేది ఆసక్తి పోయి కాదు. తోడు ఉండదు, బట్టలు మార్చుకోవడానికి గది ఉండదు, బాత్రూమ్‌కి తాళం ఉంటుంది, ఇంట్లో ఎవరో ఏదో అంటారు. నా సర్వీసులో మంచి మంచి పిల్లలు తొమ్మిదో తరగతిలో అలా జారిపోయారు.

మూడోది, పోటీల మెట్లు. ఎస్‌జీఎఫ్ అని స్కూల్ గేమ్స్ ఉంటాయి, అండర్ 14, 17, 19. మండలం నుంచి మొదలై జిల్లా, రాష్ట్రం, ఆపై నేషనల్స్. ఇందులో చిన్న ఊరికి లాభం ఉంది, మండలం స్థాయిలో పోటీ తక్కువ, పిల్ల పదేళ్ళకే నాలుగు మీట్లు చూస్తుంది, గెలవడం ఓడటం తెలుస్తుంది. అథ్లెటిక్స్ ఫెడరేషన్ వాళ్ళది నిడ్జామ్ అని ఇంకోటి ఉంది, దేశంలో జిల్లాల మధ్య పోటీ, అండర్ 14, అండర్ 16. దానికి జిల్లాకి ఒక టీమ్ వెళ్తుంది. తెలంగాణలో జిల్లాలు 33 అయ్యాక చిన్న జిల్లా పిల్లలకి అది వరమే. అందులో అండర్ 14కి ఒకే ఈవెంట్ కాదు, పరుగూ దూకుడూ కలిపి ట్రయాథ్లాన్ పెడతారు, నేను పైన చెప్పిన మాటే అది. ఇవన్నీ జరగాలంటే బడి ఎంట్రీ పంపాలి, పీఈటీ సంతకం, బోనఫైడ్, పుట్టిన తేదీ కాగితం పెట్టాలి. కొన్ని ప్రైవేట్ బళ్ళు సిలబస్ పోతుందని ఎంట్రీలే పంపవు. నిరుడు ఏ మీట్‌కి ఎంతమందిని పంపారని అడుగు, తడుముకుంటే నీకే తెలిసిపోతుంది.

నాలుగోది, పాప మూడో తరగతి అన్నావు కాబట్టి. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్, కరీంనగర్, ఆదిలాబాద్‌లో దాని తోబుట్టువులు, ఇవి నాలుగో తరగతిలోకి తీసుకుంటాయి. ఏ ఆటా వచ్చి ఉండక్కర్లేదు, ఎత్తు బరువు కొలిచి, 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్, స్టాండింగ్ బ్రాడ్ జంప్, షటిల్ రన్, మెడిసిన్ బాల్, వర్టికల్ జంప్, వంగే పరీక్ష, 800 మీటర్లు, ఇవి పెడతారు. సీటొస్తే చదువు, తిండి, కోచింగ్ అంతా వాళ్ళదే. కానీ హాస్టల్. ఎనిమిదేళ్ళ పిల్లని వదిలి ఉండగలరా లేదా అది మీ ఇష్టం, నేనైతే నా మనవరాల్ని పంపలేదు. ఇంట్లో తల్లిదండ్రులు ఆటకి టైమిచ్చే పిల్ల ఇంట్లో ఉండటమే మంచిదని నా అభిప్రాయం, ఆ సీటు అవసరమైన ఇంకో పిల్లకి దొరుకుతుంది.

చివరికి ఆటకి సంబంధం లేని మాట ఒకటి. రాష్ట్రం మారుతున్నావు, లోకల్ సంగతి చూసుకో. తెలంగాణలో ఉద్యోగాలకి ఒకటి నుంచి ఏడు దాకా ఎక్కడ చదివారన్నది లెక్క, ఏ జిల్లాలో నాలుగేళ్ళు చదివితే ఆ జిల్లా లోకల్. మూడో తరగతి అయ్యాక ఆంధ్రాకి వెళ్తే లెక్కలు మారతాయి. హైదరాబాద్ నుంచి నర్సంపేటకి వెళ్ళినా జిల్లా మారుతుంది. మీ మామగారు ఎలాగూ అడుగుతారు, ముందే సమాధానం రెడీగా పెట్టుకో.

అనంత కుర్రోడు:

మాస్టారు చెప్పినాక ఇంక చెప్పేదేముంది గానీ అనంతపురం గురించి ఎవరూ రాయలేదని రాస్తాండా. అన్నా, ముందు ఇది చిన్న ఊరు కాదు, జిల్లా కేంద్రం, ట్రాఫిక్ మాకూ ఉంది, మీ మియాపూర్ అంత లేదులే.

మీ ఫ్రెండ్ చెప్పినవి ఆర్డీటీ గ్రౌండ్లే అయ్యుంటాయి. విన్సెంట్ ఫెర్రర్ 1969లో పెట్టిన సంస్థ, ఆయన పేరు చెప్తే మా పక్క పల్లెల్లో ఇప్పటికీ చేతులెత్తి మొక్కుతారు. వాళ్ళ స్పోర్ట్స్ విలేజ్‌లో క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్, జూడో ఇట్లా చానా ఆటలుండాయి. టెన్నిస్‌కి రఫెల్ నాదల్ ఫౌండేషన్ వాళ్ళది 2010 నుంచి నడస్తాంది. 2024 సెప్టెంబర్‌లో దులీప్ ట్రోఫీ మ్యాచులు ఇక్కడ ఆడినారు, శ్రేయస్ అయ్యర్, రుతురాజ్ లాంటోళ్ళందరూ మా ఊరికి వచ్చినారంటే టీవీలో పేరు చూసినోళ్ళు అనంతపురం ఎక్కడుందని వెతుక్కున్యారు. నార్పల మండలం బండ్లపల్లి పాప బారెడ్డి అనూష ఈడ నేర్చుకునే 2023లో బంగ్లాదేశ్ మీద ఇండియాకి ఆడింది.

అయితే ఒకటి అన్నా, ఇది ఉండేది పల్లెల్లో పేద పిల్లోల్ల కోసం. సాఫ్ట్‌వేర్ అయ్య కూతుర్ని చేర్చుకోరని నేను చెప్పడంల్యా, కానీ ఇల్లు ఖాళీ చేసి లారీ మాట్లాడే ముందు వాళ్ళని అడిగి, ఏ ఆటకి ఏ వయసోళ్ళని ఎట్లా తీసుకుంటారో తెలుసుకుని రా. వాళ్ళది ఫీజు కట్టి చేరే అకాడమీ లెక్క అనుకుంటే బోర్లా పడతావు.

ఎండ గురించి అందరూ భయపెడతారు. మార్చి నుంచి మధ్యాన్నం బయటికి రాలేవు నిజమే, కానీ పొద్దున్నే ఆరుకి ఆడి ఎనిమిదికి ఇంటికొచ్చేస్తారు మా పిల్లోల్లు. వాన తక్కువ జిల్లా కాబట్టి ఇంకో సుఖం, కోనసీమక్క చెప్పినట్టు నెలల తరబడి గ్రౌండ్ మునిగేది ఉండదు, సంవత్సరమంతా ఆటే. చుట్టాలు లేని ఊరు అనేది మాత్రం ఆలోచించుకో. పాపకి జొరమొచ్చి మీ ఇద్దరికీ పనుంటే చూసేవాళ్ళు కావాల కదా.

గోదారి గట్టు:

నేను కొంచెం రివర్స్‌లో మాట్లాడతాను, ఎవరూ ఏమనుకోవద్దు. మాది భద్రాచలం. గొంగడి త్రిష మా ఊరమ్మాయే. వాళ్ళ నాన్న ఐటీసీలో ఉద్యోగం వదిలేసి పాప క్రికెట్ కోసం సికింద్రాబాద్ వెళ్ళిపోయాడు. 2023లో, 2025లో అండర్ 19 వరల్డ్ కప్ రెండుసార్లు గెలిచిన టీమ్‌లో ఉంది, రెండోసారి ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్. భద్రాచలంలోనే ఉండి ఉంటే? నాకు డౌటే. ఇక్కడ నెట్స్ వేసినా ఎదురుగా బౌలింగ్ వేసేవాళ్ళు ఎవరు, లీగ్ మ్యాచులెక్కడ? మీరు హైదరాబాద్‌లో ఉండి ఇటు వస్తున్నారు, ఇటువాళ్ళు అటు పోతున్నారు. పాప రేపు క్రికెట్ అందంటే మళ్ళీ సామాను సర్దుకోవాల్సిందే, అది మైండ్‌లో పెట్టుకునే రండి. సొంత ఇల్లు ఉందని హైదరాబాద్ ఫ్లాట్ అమ్మేసి మాత్రం రావద్దు, అద్దెకిచ్చి రండి.

ఇంకోటి, మీ లిస్టులో లేని ఊళ్ళు చెప్తాను. కంపెనీ కాలనీలు ఉన్న టౌన్లు చూడండి. పాల్వంచ, కొత్తగూడెం, గోదావరిఖని, రామగుండం పక్కన జ్యోతినగర్. సింగరేణి వాళ్ళకీ కరెంటు ప్లాంట్ల వాళ్ళకీ ఎప్పట్నుంచో కాలనీల్లో గ్రౌండ్లు, షటిల్ కోర్టులు ఉన్నాయి, కార్మికుల టోర్నమెంట్లు నడుస్తాయి, కొత్తగూడెం ప్రకాశం స్టేడియం అట్లాంటిదే. చెట్లుంటాయి, రోడ్ల మీద ట్రాఫిక్ ఉండదు, సాయంత్రమైతే పిల్లలందరూ బయటే. మాస్టారు చెప్పిన శ్రీచరణి నాన్నది కూడా కరెంటు ప్లాంటు ఉద్యోగమే చూడండి. బయటివాళ్ళని లోపల ఆడనిస్తారా అంటే ఊరిని బట్టి, గేటు దగ్గర సెక్యూరిటీని బట్టి. కానీ ఆ కాలనీ బళ్ళలో బయటి పిల్లలు కూడా చదువుతుంటారు, బడిలో చేరితే గ్రౌండ్ వచ్చినట్టే.

సిక్కోలు చిన్నోడు:

మా శ్రీకాకుళం పేరు ఎవరూ ఎత్తకపోతే ఎలా. ఆమదాలవలస పక్క ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి వెళ్ళి 2000లో సిడ్నీలో 240 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చింది, అక్కచెల్లెళ్ళు కూడా లిఫ్టర్లే. విజయనగరం వైపు కొండవెలగాడ అయితే ఊరు ఊరంతా వెయిట్‌లిఫ్టింగే. ఇలాంటి ఊళ్ళలో ఆ ఒక్క ఆటకి గురువుకి లోటుండదు, ఇంట్లోవాళ్ళకి కూడా దాని గురించి తెలుసు, ఆడపిల్లకి బరువులెందుకనే మాట వినపడదు. కానీ మీ పాపకి ఆ ఆట నచ్చకపోతే పక్కన ఇంకో ఆట కష్టం. వారానికో ఆట మార్చే పిల్లకి ఒక్క ఆట ఊరు వద్దన్నయ్యా.

మియాపూర్ నాన్న:

ఇన్ని రిప్లైలు వస్తాయనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్. ఇంట్లో ఇద్దరం కూర్చుని చదివాం. అనంతపురం ప్రస్తుతానికి పక్కన పెట్టాం, చుట్టాలు లేరన్న పాయింట్‌కి మా ఆవిడ పడిపోయింది. అమలాపురం నాకు మనసు పీకుతోంది గానీ వానల సంగతి నాకూ తెలుసు, చిన్నప్పుడు మేము ఆడింది కూడా ఎండాకాలం సెలవుల్లోనే. నర్సంపేట ముందుంది, లోకల్ గొడవ కూడా స్టేట్ మారనంత వరకు తేలిక అనిపిస్తోంది. హకీంపేట వద్దనుకున్నాం, వదిలి ఉండలేం. ఫ్లాట్ అమ్మట్లేదు. పాల్వంచ ఒకసారి చూద్దామని ఉంది.

ఓరుగల్లు తమ్ముడూ, మా అత్తగారింట్లో ఉండొద్దన్నావు చూడు, అది మా ఆవిడకి చదివి వినిపించాను, నాతో మాట్లాడట్లేదు.

మాస్టారూ, బళ్ళు చూడటానికి ఎప్పుడు వెళ్ళాలి? జూన్‌లో అడ్మిషన్లప్పుడు వెళ్తే సరిపోతుందా?

రిటైర్డ్ పీఈటీ:

జూన్‌లో వద్దు బాబూ, అప్పుడు అందరూ ముస్తాబై ఉంటారు. బడి నడుస్తున్న మామూలు రోజున వెళ్ళు, ఆదివారం కాదు. నవంబర్, డిసెంబర్ అయితే మంచిది, మీట్లు జరుగుతుంటాయి. నాలుగింటికి చేరుకుని గేటు బయట టీ తాగుతూ చూడు, లోపలికి వెళ్ళి నేను పేరెంట్‌ని అని అప్పుడే చెప్పకు. బెల్లు కొట్టాక ఎంతమంది పిల్లలు బ్యాగులు పక్కన పడేసి ఆగిపోతున్నారు, ఎంతమంది ట్యూషన్ ఆటో ఎక్కేస్తున్నారు. పీఈటీ కుర్చీలో కూర్చున్నాడా, విజిల్ మెళ్ళో ఉందా. పాపని కూడా తీసుకెళ్ళు, బూట్లు వేసి.

ఓరుగల్లు పోరడు:

వదినకు సారీ చెప్పన్నా 😀 నర్సంపేట వచ్చే ముందు ఇక్కడ మెసేజ్ పెట్టు, మా బావమరిది అక్కడ ప్రైవేట్ బడిల పీఈటీనే, సర్కారు బడి సార్లు గూడ ఎరుకే, ఎవలు ఆడిస్తరో ఎవలు ఆడియ్యరో ఉన్నదున్నట్టు చెప్తడు. ఆని బడిల మాత్రం వెయ్యకు, గ్రౌండ్ లేదని ఆడే మొత్తుకుంటడు. వచ్చిన్నాడు పొద్దు ఉంటే పాపను పాకాల దిక్కు తీస్కపో, చెరువు కట్ట మీద ఉరికిద్దువు.